లివర్ గడ్డకు లోపలి నుంచే రేడియేషన్: నాన్నకు చేయించవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. మాది పల్నాడు జిల్లా. మా నాన్నగారికి 63 ఏళ్లు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. చాలా ఏళ్ల కిందట రక్తదానం చేయబోతే హెపటైటిస్ బి ఉందని తెలిసింది. కొంతకాలం మాత్రలు వాడారు, ఒంట్లో బాగానే ఉందని మానేశారు. ఈమధ్య కడుపు ఉబ్బరంగా ఉందంటే స్కాన్ తీయించాం. లివర్‌కు కుడివైపు 6 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. సీటీ, ఏ.ఎఫ్.పి. అనే రక్తపరీక్ష రిపోర్టులు చూసి, ముక్క పరీక్ష చేయకుండానే క్యాన్సర్ అని చెప్పారు. ఏ.ఎఫ్.పి. 480, కామెర్లను తెలిపే బిలిరుబిన్ 1.1, ప్లేట్‌లెట్లు 82 వేలు. లివర్ గట్టిపడే సిరోసిస్ ఉందట. పొట్టలో నీరు లేదు, గడ్డ రక్తనాళాల్లోకి పాకలేదు అన్నారు.

ఆపరేషన్ కుదరదని, రక్తనాళం ద్వారా రేడియేషన్ పూసలు పంపే 'టేర్' చికిత్స చేద్దామని హైదరాబాద్‌లో చెప్పారు. ముందు మ్యాపింగ్ అని ఒకరోజు, తర్వాత అసలు చికిత్స మరోరోజు. దేని డబ్బు దానికే. మొత్తం పది లక్షలు దాటుతుందంటున్నారు, ఎకరం పొలం అమ్మాలి. మ్యాపింగ్ నిజంగా అవసరమా, బిల్లు పెంచడానికా? మా మరదలికి ఇప్పుడు ఐదో నెల, నా పాపకు పది నెలలు, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. వాళ్లకు రేడియేషన్ తగులుతుందా? మా బాబాయి పసరు మందు ఇప్పిద్దామంటున్నారు. నాన్నకు గడ్డ అని మాత్రమే చెప్పాం, క్యాన్సర్ అని చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక కూతురు

జవాబు: అమ్మా, మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్న రెండు విషయాలకు ముందే జవాబు చెబుతాను. మీ నాన్నగారికి మ్యాపింగ్ తప్పనిసరి. అది చేయకుండా నేరుగా పూసలు పంపిస్తామని ఎవరైనా అంటే అక్కడ చేయించకండి. ఇక ఇంట్లో గర్భిణి, పసిపాప ఉన్నారని ఈ చికిత్స మానుకోనవసరం లేదు. కొద్దిరోజులు దూరం పాటిస్తే సరిపోతుంది.

నేను ఆయన స్కాన్లు చూడలేదు కాబట్టి చేయించండి, మానేయండి అని ఇక్కడి నుంచి తీర్పు చెప్పడం సరికాదు. కానీ మీరు రాసిన అంకెలు నిజమైతే ఈ చికిత్స ఎవరికి బాగా పనికొస్తుందో వాళ్లలో మీ నాన్నగారు ఒకరు. ఒకటే గడ్డ, 8 సెంటీమీటర్ల లోపు, రక్తనాళాల్లోకి పాకలేదు, కామెర్లు లేవు, పొట్టలో నీరు లేదు. ఇందులో చివరి రెండు మాటలనే నేను ఎక్కువ పట్టించుకుంటాను. లివర్ క్యాన్సర్‌లో మనిషి ఎన్నాళ్లు, ఎంత బాగా ఉంటారనేది గడ్డ సైజు ఒక్కటే తేల్చదు. గడ్డ చుట్టూ మిగిలిన లివర్‌కు ఎంత సత్తా ఉందనేది కూడా అంతే గట్టిగా తేలుస్తుంది. ఏ చికిత్స ఎంచుకున్నా, ఏ మందు మింగినా, మిగిలిన ఆ లివర్‌ను ఇది దెబ్బతీస్తుందా అని మొదట అడగాలి. ఈ జవాబంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముక్క పరీక్ష చేయకుండా క్యాన్సర్ అని ఎలా అన్నారని మీకు అనుమానం ఉన్నట్టుంది. మిగతా క్యాన్సర్లలో చాలావాటికి బయాప్సీ లేకుండా వైద్యం మొదలుపెట్టరు. లివర్ క్యాన్సర్ మాత్రం వేరు. సిరోసిస్ ఉన్న మనిషికి కాంట్రాస్ట్ ఇచ్చి సీటీ తీసినప్పుడు గడ్డ మొదటి దశలో బాగా వెలిగి, తర్వాతి దశల్లో చుట్టూ ఉన్న లివర్ కన్నా నల్లబడితే, అది హెపటోసెల్యులర్ కార్సినోమా, అంటే లివర్ కణాల్లోనే పుట్టిన క్యాన్సర్ అని సూది గుచ్చకుండానే నిర్ధారించవచ్చు. ప్రపంచమంతటా ఇదే పద్ధతి. ఏ.ఎఫ్.పి. 480 ఉండటం దానికి తోడు. బయాప్సీ తప్పించడం మీ నాన్నగారికి మేలే, ఎందుకంటే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి, సూది దారిలో రక్తం కారే ప్రమాదం ఉంటుంది.

ఆపరేషన్ ఎందుకు వద్దన్నారో కూడా ఆ ప్లేట్‌లెట్ల సంఖ్యే చెబుతోంది. సిరోసిస్ వల్ల లివర్ గట్టిపడి, పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. దాంతో ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను ఆపేసుకుంటుంది. అలాంటి లివర్‌లో కుడివైపు పెద్ద భాగం కోసి తీస్తే మిగిలింది బరువు మోయలేక కుప్పకూలవచ్చు. సూదితో గడ్డను కాల్చే ఆర్.ఎఫ్.ఎ., మైక్రోవేవ్ పద్ధతులు మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకు బాగా పనిచేస్తాయి, ఆరు సెంటీమీటర్లకు వాటి మీద ఆధారపడలేం. రక్తనాళం ద్వారా కీమో మందు పంపి నాళాన్ని మూసేసే 'టేస్' ఒకటి ఉంది. దాని సంగతి డబ్బు దగ్గర చెబుతాను.

ఇప్పుడు అసలు చికిత్స. లివర్‌కు రక్తం రెండు దారుల్లో వస్తుంది. మామూలు లివర్ కణాలకు ముప్పాతిక భాగం రక్తం పోర్టల్ సిర నుంచి అందితే, మిగతా పావు హెపాటిక్ ధమని నుంచి అందుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం తనకు కావలసిన రక్తాన్ని దాదాపు మొత్తం ధమని నుంచే లాక్కుంటుంది. ఈ తేడాయే టేర్‌కు ఆధారం. ధమనిలో వదిలిన పూసలు ఎక్కువగా గడ్డలోకే పోతాయి, పక్కనున్న లివర్ తన రక్తంలో ఎక్కువ భాగం వేరే దారిలో తెచ్చుకుంటుంది కాబట్టి చాలావరకు తప్పించుకుంటుంది.

ఈ పూసలు గాజువి లేదా రెసిన్‌వి. గాజు పూస 20 నుంచి 30 మైక్రాన్లు ఉంటుంది, తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. లక్షల సంఖ్యలో పంపే ఈ పూసల్లో యట్రియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. దాని నుంచి వెలువడే బీటా కిరణాలు శరీరంలో సగటున రెండున్నర మిల్లీమీటర్ల దూరం వెళ్తాయి, ఎంత వెళ్లినా 11 మిల్లీమీటర్లు దాటవు. బయటి యంత్రం నుంచి రేడియేషన్ ఇస్తే కిరణాలు చర్మాన్ని, మధ్యలో ఉన్న అవయవాలను దాటుకుని గడ్డను చేరాలి. ఇక్కడ ఆ ప్రయాణమే లేదు. అందుకే బయటి నుంచి ఇవ్వలేనంత పెద్ద డోస్‌ను గడ్డకు ఇవ్వగలుగుతున్నారు. యట్రియం శక్తి 64 గంటలకోసారి సగానికి తగ్గుతుంది. పదకొండు రోజులు గడిచేసరికి ఇవ్వాల్సిన రేడియేషన్‌లో నూటికి 94 వంతులు ఇచ్చేసి ఉంటుంది. పూసలు మాత్రం అక్కడే ఉండిపోతాయి, వాటివల్ల ఇబ్బంది ఉండదు. జుట్టు రాలదు.

మీరు బిల్లు కోసమేమో అనుకున్న మ్యాపింగ్ రోజు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ చికిత్స క్షేమమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఆ రోజు క్యాత్ ల్యాబ్‌లో గజ్జ దగ్గర గానీ మణికట్టు దగ్గర గానీ మత్తు సూది వేసి, సన్నటి గొట్టాన్ని ధమని గుండా లివర్ దాకా తీసుకెళ్తారు. డై ఎక్కించి, గడ్డకు రక్తం ఏ కొమ్మల నుంచి వెళుతోందో ఫొటోలు తీస్తారు. ఏ ఇద్దరి లివర్ ధమనులూ ఒకేలా ఉండవు. కొందరిలో ఒక కొమ్మ జీర్ణాశయం వైపు, మరో కొమ్మ పిత్తాశయం వైపు మళ్లి ఉంటుంది. పూసలు పొరపాటున అటు వెళితే జీర్ణాశయంలో మానని పుండ్లు పడతాయి. కాలువకు నీళ్లు వదిలే ముందు పక్క తూములన్నీ మూశారో లేదో చూసుకున్నట్టే, అలాంటి కొమ్మలేవైనా ఉంటే వాటిని సన్నటి కాయిల్స్ పెట్టి ఆ రోజే మూసేస్తారు. అవసరం లేకపోతే వదిలేస్తారు.

తర్వాత అసలు పూసల బదులు, టెక్నీషియం అనే బలహీనమైన రేడియోధార్మిక పదార్థం కలిపిన ప్రొటీన్ రేణువులను అదే చోట వదిలి, న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో స్కాన్ తీస్తారు. రేపు పూసలు ఎటు వెళ్తాయో ఇవాళ ఈ రేణువులు చూపిస్తాయి. ముఖ్యంగా ఊపిరితిత్తులు. కొన్ని గడ్డల్లో ధమనికీ సిరకూ మధ్య దొడ్డిదారులు ఏర్పడి ఉంటాయి, వాటిగుండా కొన్ని రేణువులు ఊపిరితిత్తుల్లోకి జారుకుంటాయి. ఎంత శాతం జారిందో కొలిచి, ఊపిరితిత్తులకు ఒక విడతలో 30 గ్రే దాటకుండా డోస్ లెక్కవేస్తారు. గ్రే అంటే రేడియేషన్ కొలత. జారేది మరీ ఎక్కువైతే డోస్ తగ్గిస్తారు, లేదా చికిత్సే రద్దు చేస్తారు.

ఇందులో మీకు ఉపయోగపడే విషయం ఇంకొకటి ఉంది. మ్యాపింగ్ అయ్యాకే పూసలు ఆర్డర్ పెడతారు. ఖర్చులో పెద్ద భాగం పూసలదే. అంటే మొదటి రోజుకు మాత్రమే డబ్బు కట్టి, ఫలితం చూశాక మిగతాది కట్టే వీలు ఈ రెండు దశల వల్లే మీకు దొరుకుతోంది. కాబట్టి మ్యాపింగ్ రిపోర్టు చేతికొచ్చేదాకా పొలం అమ్మకండి, అడ్వాన్సు కూడా తీసుకోకండి. పూసలకు ముందే మొత్తం కట్టమంటే, మ్యాపింగ్‌లో కుదరదని తేలితే ఎంత తిరిగి ఇస్తారో రాసివ్వమని అడగండి. అడగడంలో మొహమాటం ఏమీ వద్దు.

అసలు చికిత్స రోజు చూడటానికి మ్యాపింగ్ రోజులాగే ఉంటుంది. అదే గొట్టం, అదే దారి, ఈసారి అసలు పూసలు. పూర్తి మత్తు ఇవ్వరు, మీ నాన్నగారు మెలకువగానే ఉంటారు. చాలామంది మరునాటికి ఇల్లు చేరతారు.

ఫలితాల గురించి ఎవరైనా గొప్పగా చెప్పినా, అస్సలు పనిచేయదని చెప్పినా ఈ కింది పరిశోధనలు గుర్తుపెట్టుకోండి. 2021లో వచ్చిన 'లెగసీ' అధ్యయనంలో, 8 సెంటీమీటర్ల లోపు ఒకే గడ్డ ఉండి లివర్ సత్తా బాగున్న 162 మందికి గాజు పూసలు ఇచ్చారు. నూటికి 88 మందిలో గడ్డ లొంగింది, మూడేళ్ల తర్వాత నూటికి 86 మందికి పైగా బతికే ఉన్నారు. అమెరికాలో ఈ గాజు పూసలకు పూర్తి అనుమతి వచ్చింది దీని బలంతోనే. అయితే వాళ్లలో సగానికి పైగా రోగుల గడ్డ మూడు సెంటీమీటర్లకు మించలేదు. కొందరు ఆ తర్వాత ఆపరేషనో, లివర్ మార్పిడో కూడా చేయించుకున్నారు. ఆరు సెంటీమీటర్ల గడ్డకు అవే అంకెలు ఆశించకూడదు, ఆశ పెట్టుకోవడానికి మాత్రం కారణం ఉంది.

రెండో వైపు కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లో జరిగిన 'సారా', ఆసియా పసిఫిక్ దేశాల్లో జరిగిన 'సర్వ్‌నిబ్' అధ్యయనాల్లో ముదిరిన లివర్ క్యాన్సర్ ఉన్నవారికి ఈ పూసలను, ఆ క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ మాత్రతో పోల్చారు. ఆయుర్దాయం పెరగలేదు. దుష్ప్రభావాలు మాత్రం పూసలు తీసుకున్నవారిలో తక్కువ. ఈ రెండూ చదివి, టేర్ దండగ అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. వాటిలో ఎక్కువమందికి జబ్బు బాగా ముదిరింది. పూసల జట్టులో చేర్చిన వారిలో ఐదో వంతుకు పైగా మందికి పూసలు అందనే లేదు. అందరికీ ఒకే లెక్కన డోస్ కట్టడం ఇంకో లోపం. తర్వాత ఫ్రాన్స్‌లోనే 'డోసిస్ఫియర్' అనే అధ్యయనంలో, ఏడు సెంటీమీటర్లకు పైబడిన గడ్డలున్న 60 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు లెక్క ప్రకారం డోస్ ఇచ్చారు. ఇంకో జట్టుకు ఒక్కొక్కరి గడ్డను, లివర్‌ను విడిగా కొలిచి, గడ్డకు కనీసం 205 గ్రే అందేలా ఇచ్చారు. మామూలు డోస్ జట్టులో సగం మంది పది, పదకొండు నెలలు బతికితే, కొలిచి ఇచ్చిన జట్టులో సగం మంది 26 నెలలకు పైగా బతికారు. చిన్న అధ్యయనమే, కానీ ఈ రంగం నడిచే దారినే మార్చింది.

అందుకని మీ డాక్టర్లను ముఖ్యంగా ఈ ప్రశ్న అడగండి: "గడ్డకు ఎన్ని గ్రే, మామూలు లివర్‌కు ఎన్ని గ్రే అందుతుందని లెక్క కట్టారు?" రెండు అంకెలూ విడివిడిగా చెప్పగలిగిన చోటు మంచి చోటు. గడ్డ ఉన్న సెగ్మెంట్లకు మాత్రమే పూసలు పంపి, మిగతా లివర్‌ను వదిలేయడం కుదురుతుందా అని కూడా అడగండి. లివర్‌లో ఎనిమిది సెగ్మెంట్లు ఉంటాయి. గడ్డ ఒకటి రెండు సెగ్మెంట్లకు పరిమితమైతే అక్కడికే భారీ డోస్ ఇచ్చి, దాదాపు కోసి తీసేసినంత ఫలితం రాబట్టవచ్చు. లెగసీలో చేసింది అలాంటి పనే.

ఇంకో ప్రశ్న లివర్ మార్పిడి గురించి. దీని గురించి మీకు ఎవరూ చెప్పలేదనుకుంటాను, మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. సిరోసిస్‌ను, క్యాన్సర్‌ను కలిపి వదిలించేది మార్పిడి ఒక్కటే. 1996 నుంచి వాడుకలో ఉన్న మిలాన్ నియమాల ప్రకారం ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మీ నాన్నగారిది ఆరు. టేర్ వల్ల గడ్డ చచ్చి కుంచించుకుపోతే ఆయన ఆ గీత లోపలికి రావచ్చు. 63 ఏళ్లు అడ్డంకి కాదు, గుండె, ఊపిరితిత్తులు బాగుంటే చాలు. వెంటనే కావాలని కాదు, ఆ తలుపు తెరిచి ఉందో లేదో ఇప్పుడే తెలుసుకుని, వీలుంటే అవయవదానాలు చూసే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్‌లో నమోదు గురించి మాట్లాడండి.

చికిత్స తర్వాత ఇంట్లో ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి వారంలో నీరసం. రెండు మూడు వారాలు, కొందరిలో నెల దాకా కూడా మనిషి డీలాగా ఉంటారు. అన్నం సయించదు, కొంచెం వికారం, కుడి డొక్కలో సన్నటి నొప్పి, కొద్దిగా జ్వరం ఉండవచ్చు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ ఎన్ని వేసుకోవచ్చో డాక్టరును అడిగి అంతే వేయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మెడికల్ షాపులో ఇచ్చినా వద్దు, సిరోసిస్ ఉన్నవారి కిడ్నీలను అవి దెబ్బతీస్తాయి.

భయపడవలసినవి ఆలస్యంగా వస్తాయి. నెలా రెండు నెలల మధ్య కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, కాళ్ల వాపు కనిపిస్తే మామూలు లివర్‌కు రేడియేషన్ ఎక్కువ తగిలిందేమోనని అనుమానించాలి. అప్పటికి అందరూ గండం గడిచిందని ఊపిరి పీల్చుకుని ఉంటారు, అందుకే నెల తర్వాత చేయాల్సిన రక్తపరీక్షలు మర్చిపోతారు. మీరు మర్చిపోకండి. నల్లటి విరేచనం, రక్తపు వాంతి అయితే ఏ వేళైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొన్ని వారాల తర్వాత పొడి దగ్గు, ఆయాసం వచ్చినా, పైకడుపులో విపరీతమైన నొప్పి వచ్చినా వెంటనే చెప్పండి.

ఇంట్లోవాళ్ల సంగతి. బీటా కిరణాలు మిల్లీమీటర్ల దూరమే వెళ్తాయి కాబట్టి ఒంటి బయటికి వచ్చేది చాలా తక్కువ. అయినా కడుపులో బిడ్డ, పసిపాప విషయంలో జాగ్రత్త ఎక్కువే ఉండాలి. ఎన్ని రోజులు, ఎంత దూరం అనేది ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు కాగితం మీద రాసిస్తారు, దాన్నే పాటించండి. సాధారణంగా ఓ వారం పాటు మీ మరదలు ఆయన పక్కన ఎక్కువసేపు కూర్చోకుండా, పాపను ఆయన ఒళ్లో పడుకోబెట్టకుండా, ఆయన విడిగా పడుకునేలా చూస్తే చాలు. వీలైతే ఆ వారం మరదలిని పుట్టింటికి పంపండి, అందరి మనసుకూ నిమ్మళంగా ఉంటుంది. వేరే కంచం, వేరే గిన్నెలు అక్కర్లేదు. మొదటి రోజు బాత్రూమ్‌కు వెళ్లినప్పుడు నీళ్లు ఎక్కువగా పోసి, చేతులు సబ్బుతో కడుక్కోమనండి. మీరు, మీ తమ్ముడు, మీ అమ్మగారు ఆయన దగ్గర కూర్చుని మాట్లాడొచ్చు, అన్నం పెట్టొచ్చు. మనిషిని గదిలో ఒంటరిగా వదిలేయాల్సినంత ప్రమాదం ఏమీ లేదు.

మొదటి నెల స్కాన్ చూసి గడ్డ తగ్గలేదని కుంగిపోకండి. రేడియేషన్‌తో చచ్చిన గడ్డ వెంటనే మాయం కాదు. సైజు అలాగే ఉండి, లోపల రక్తప్రసరణ ఆగిపోవడమే మొదటి మంచి కబురు. మూడు నెలల స్కాన్, ఏ.ఎఫ్.పి. కలిపి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

డబ్బు గురించి. పూసలు చాలావరకు విదేశాల నుంచి వస్తాయి, ఒక్కో రోగి డోస్‌ను తేదీ, గంట లెక్కవేసి తెప్పించాలి. అందుకే అంత ధర. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం 'భాభాస్ఫియర్' పేరుతో మన దేశంలోనే యట్రియం గాజు పూసలను తక్కువ ఖర్చులో తయారు చేసింది. మీ ఆసుపత్రి వాటిని వాడుతుందా, వాడే చోటు ఏదైనా తెలుసా అని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) డెస్క్‌లో మీ కార్డుకు ఇందులో ఏది వర్తిస్తుందో తెలుసుకుని, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎస్టిమేషన్ కాగితంతో దరఖాస్తు పెట్టండి. నాన్నగారు ఆర్టీసీ ఉద్యోగి కదా, రిటైరైన వారికి వైద్య సదుపాయం ఎంతవరకు ఉందో డిపోలో కనుక్కోండి.

అన్నీ చూశాక కూడా అంత డబ్బు పుట్టకపోతే, పుట్టలేదని కుమిలిపోకండి. నేను ఇందాక ఆపిన టేస్ చాలా ఆసుపత్రుల్లో దొరుకుతుంది, ఖర్చు బాగా తక్కువ. బెల్జియంలో 72 మందితో జరిగిన 'ట్రేస్' అధ్యయనంలో, గడ్డ మళ్లీ పెరగడానికి టేర్ తర్వాత 17 నెలలు పడితే, కీమో మందు నింపిన పూసలతో చేసిన టేస్ తర్వాత తొమ్మిదిన్నర నెలలు పట్టింది. టేర్‌దే పైచేయి, టేస్ కూడా పనికిరానిదేం కాదు. బయటి నుంచి కొద్ది విడతల్లో గురిపెట్టి ఇచ్చే ఎస్.బి.ఆర్.టి. మరో దారి. మీ నాన్నగారి ఒక్క గడ్డకు అది కుదురుతుందేమో రేడియేషన్ ఆంకాలజిస్టును అడగాలి. ఇల్లు గుల్ల చేసుకుని ఒకే చికిత్సకు అంతా పోసేస్తే, తర్వాతి స్కాన్లకు, మందులకు, అవసరమైతే రెండో విడతకు చేతిలో ఏమీ మిగలదు. ఈ జబ్బు ఒక్కసారితో వదిలేది అరుదు. సిరోసిస్ ఉన్న లివర్‌లో మరోచోట కొత్త గడ్డ పుట్టవచ్చు, ఏళ్ల తరబడి చూసుకుంటూ ఉండాలి. ఆ ఖర్చును కూడా ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి.

రెండో అభిప్రాయం తప్పకుండా తీసుకోండి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. టాటా మెమోరియల్ డాక్టర్ల అభిప్రాయాన్ని 'నవ్య' అనే సేవ ద్వారా ఇంటి నుంచే రిపోర్టులు పంపి కూడా తీసుకోవచ్చు. ఎక్కడికి వెళ్లినా సీటీ సీడీని తీసుకెళ్లండి, కాగితం రిపోర్టు ఒక్కటే సరిపోదు. ఒక్క డాక్టరు మాటగా కాకుండా లివర్ నిపుణుడు, సర్జన్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, ఆంకాలజిస్టు కలిసి కూర్చుని చర్చించిన నిర్ణయమా అని అడగండి. ఇందుకోసం నెలలు గడపకండి, ఒకటి రెండు వారాల్లో తేల్చుకోండి.

పసరు గురించి నేను గట్టిగానే చెప్పాలి. బాబాయిగారు అన్నగారి మీద ప్రేమతోనే అంటున్నారు, ఆయనతో గొడవ పడకండి. కానీ ఇవ్వొద్దు. ఏ ఆకు, ఎంత మోతాదు, అందులో ఇంకేం కలిసిందో తెలియని మందును సిరోసిస్ ఉన్న లివరే అరాయించుకోవాలి. అందరూ మంచిదనుకునే తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులను కోవిడ్ కాలంలో మన దేశపు డాక్టర్లే నమోదు చేశారు. పైగా, టేర్ తర్వాత కామెర్లు వస్తే అవి రేడియేషన్ వల్ల వచ్చాయా, పసరు వల్ల వచ్చాయా అన్నది తేల్చలేక వైద్యం దారి తప్పుతుంది. ఇవాళ బిలిరుబిన్ 1.1 ఉంది కాబట్టే ఈ చికిత్స అందుబాటులో ఉంది. అది 2 దాటితే చాలామంది డాక్టర్లు వెనకాడతారు. ఒక పసరు మోతాదుతో ఆ అవకాశం చేజారితే ఎవరూ తిరిగి తేలేరు. బాబాయిగారికి ఇదే మాట చెప్పండి, వీలైతే డాక్టరు దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి.

నాన్నగారికి చెప్పాలి. మ్యాపింగ్ రోజున ఆయన మెలకువగా బల్లమీద పడుకుని ఉంటారు, చుట్టూ డాక్టర్లు, టెక్నీషియన్లు మాట్లాడుకుంటూ ఉంటారు. న్యూక్లియర్ మెడిసిన్ గది తలుపు మీద రేడియేషన్ గుర్తు ఉంటుంది. అంగీకార పత్రం మీద సంతకం ఆయనదే. అక్కడ ఎవరో పరాయి మనిషి నోట ఆ మాట వినడం కన్నా మీ నోట వినడం నయం. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ బస్సు నిండా జనాన్ని గమ్యం చేర్చిన మనిషి, తన ఒంటి గురించిన నిజాన్ని తట్టుకోలేరని మనమే ఎందుకు అనుకోవాలి? ఒకేసారి అంతా కుమ్మరించకండి. "డాక్టరు చెప్పింది నీకు ఏమనిపించింది నాన్నా?" అని మొదలుపెట్టండి. చాలామందికి అప్పటికే అనుమానం ఉంటుంది. ఆయన ఎంతవరకు అడిగితే అంతవరకు చెప్పండి. క్యాన్సర్ అనే మాటతో పాటే, ఇంకా పాకలేదు, వైద్యం ఉంది అనే మాట కూడా చెప్పండి, రెండూ నిజమే. పొలం అమ్మడం గురించి కూడా ఆయన మాట వినండి, అది ఆయన కష్టార్జితం.

చివరిగా, టేర్ కన్నా ముందు, ఈ వారంలోనే చేయవలసింది ఒకటుంది. మానేసిన హెపటైటిస్ బి మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలి. వైరస్ లోపల రగులుతూ ఉంటే, గడ్డకు ఎంత మంచి వైద్యం చేసినా మిగిలిన లివర్ కరిగిపోతూనే ఉంటుంది. లివర్ డాక్టరును కలిసి వైరల్ లోడ్ పరీక్ష చేయించి, టెనోఫోవిర్ లేదా ఎంటెకవిర్ ఏది వాడాలో రాయించుకోండి. ఇక జీవితాంతం ఒక్కరోజు కూడా మానకూడదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. గొట్టంతో అన్నవాహిక పరీక్ష కూడా చేయించి, ఉబ్బిన సిరలు ఉంటే ముందే బ్యాండ్లు వేయించండి.

మీ అమ్మగారు, మీరు, మీ తమ్ముడు హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్.బి.ఎస్.ఏ.జి. రక్తపరీక్ష చేయించుకోండి. మరదలికి గర్భిణి పరీక్షల్లో ఇది చేసే ఉంటారు, కార్డులో చూడండి. లేదని తేలినవారు టీకా మూడు డోసులు వేయించుకోవచ్చు. ఎవరికైనా ఉందని తేలితే భయపడొద్దు. ఇప్పుడే తెలిస్తే, అవసరమైన వారికి రోజుకో మాత్ర, ఆరునెలలకో స్కాన్‌తో చూసుకోవచ్చు.